మామగారి బండి, నా రెండు పిడికిళ్ళ పిండి

గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఒక మలుపు దగ్గర నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను. కంగారు పడకండి, స్టీరింగ్ నా చేతిలో ఉండదు. వెనక సీట్లో కూర్చుని మూసుకుంటాను. ఒకప్పుడు ఆ మలుపులో మా మామ నమ్మకం, మా అత్త కాశీ యాత్ర, ఒక పెద్ద విదేశీ బండి, మూడింటినీ ఒకే మధ్యాహ్నం గంగలో కలపబోయాను. అది కూడా గంగ దాకా పోకుండానే.

ఇది 2005 ప్రాంతపు మాట. నాకు ఇరవై ఏడేళ్ళు. మాది నంద్యాల. పెళ్ళయ్యాక రాయచోటిలో ఎరువుల అంగడి పెట్టుకుని, అత్తగారింటికి నాలుగు వీధుల అవతల కాపురం ఉన్నాను. నాలుగు వీధులంటే ఎంత దూరమో పెళ్ళయిన మగవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడ తాలింపు వేస్తే ఇక్కడ నాకు తుమ్ములొచ్చేవి.

మా మామ సుబ్బారెడ్డికి మామిడితోటలున్నాయి. కానీ ఊళ్ళో ఆయన్ని తోటలతో ఎవరూ గుర్తుపట్టరు, బండితోనే గుర్తుపడతారు. ఫోర్ వీల్ డ్రైవ్, తోలు సీట్లు, చెక్క పూత డాష్‌బోర్డు. ఎవరో కాంట్రాక్టరు శ్రీశైలం దగ్గర పని ముగించుకుని పోతూ అమ్మేసిన బండి. కంపెనీ పేరు మాత్రం నన్నడక్కండి. చెబితే తప్పు బండిదనుకుంటారు. జరిగినదంతా నా చేతి చలవే.

మామ కొనేనాటికే దానికి ఆరేళ్ళు, నా కథనాటికి పదహారు. బటన్ నొక్కితే దిగే అద్దాలు నాలుగు ఉండేవి. వాటిలో వెనకవి రెండూ దిగడం ఎప్పుడో మానుకున్నాయి. సీట్లు వేడెక్కించే బటన్ కూడా ఒకటుండేది. కడప జిల్లాలో సీటు వేడెక్కడానికి బటన్ ఎందుకో ఆ దేశం వాళ్ళనే అడగాలి.

ఆ బండిని మామ చూసుకున్నట్టు మా నాయన నన్ను చూసుకోలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే బనియన్ మీద బండి కిందికి దూరేవాడు. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే నొక్కి చూసేవాడు. విడిభాగాలు మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి తెప్పించేవాడు. ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో కొన్న ఆకుపచ్చ కూలెంటే పోయాలి. బోరు నీళ్ళు చూపిస్తే ఊరుకునేవాడు కాదు.

"అబ్బీ," అనేవాడు నాతో, "పాత బండి చెడిపోతాదని నాకు భయం ల్యా. చెడింది మనకు చెప్పకుండా దాస్తాదే, అదీ భయం. అందుకే వారం వారం కిందికి దూరి అడగల్ల."

నేను తలాడించేవాణ్ణి. అత్తగారింట్లో అల్లుడికి అన్నిటికన్నా ఎక్కువ పనిపడే అవయవం తలే, ఆలోచించడానికి మాత్రం కాదు.

ఇక అత్త సంగతి. ఆమె పేరు ఓబుళమ్మ. బండి కొన్న రోజే మామ ఆమెకు మాటిచ్చాడు, కాశీకి ఈ బండిలోనే తీసుకుపోతానని. అప్పటి నుంచి రైల్లో పోదామని ఎవరన్నా ఆమె వినదు. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి కదా, దేన్ని వదలాలో పదేళ్ళుగా తేల్చుకుంటోంది. ఒక ఏడు వంకాయ అంటుంది. ఇంకో ఏడు సీతాఫలం అంటుంది. సీతాఫలాలు బజారులోకి రాగానే మనసు మార్చుకుంటుంది.

ఆ ఏడు మామకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకొమ్మన్నాడు డాక్టరు, దూరాలు బండి నడపొద్దన్నాడు, వంగి దాని కిందికి పోవద్దన్నాడు. మామ రెండు రోజులు బండి చుట్టూ తిరిగాడు. మూడో రోజు నన్ను పిలిచి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ రెండో కొస ఇంకా ఆయన వేళ్ళలోనే ఉంది.

"వచ్చే సోమవారం అహోబిలం పోయొద్దాం. నేను, మీ అత్త, నువ్వు. ముల్లు కదలకుండా పోయొస్తే, వానలు పోయినాక కాశీకి నువ్వే తోలుదువు. ముల్లు కదిలిందా, ఈ బండి అమ్మేస్తా. ఇంగ కాశీ మాట ఈ ఇంట్లో ఎత్తగూడదు."

ముల్లంటే ఇంజిన్ వేడి చూపించే ముల్లు. తలుపు చాటున నిలబడి వింటున్న అత్త నా వైపు చూసింది. పదేళ్ళ వంకాయ, పదేళ్ళ సీతాఫలం ఆ చూపులో ఉన్నాయి.

ఇంకా ఆరు రోజులు టైముంది. ఊరికే కూర్చోవచ్చు. కూర్చునే బుద్ధి ఉంటే ఇదంతా మీకు చెప్పే పని నాకుండేది కాదు. మామ మెచ్చుకోవాలని ఆ మర్నాడే బండిని మా ఇంటికి తెచ్చుకుని బానెట్ ఎత్తాను. రేడియేటర్ రేకుల మధ్య బురద, చచ్చిన పురుగులు కనిపించాయి. శుభ్రం చేయడానికి అంగడి వెనక పడున్న సైకిల్ చక్రం పుల్ల తెచ్చాను. చెవిలో పుల్ల పెట్టుకునేవాడికున్నంత జాగ్రత్త కూడా నాకు లేదు. నాలుగు వరసలు గీకాను. ఐదో వరసలో పుల్ల మెత్తగా లోపలికి దిగింది. బయటికి తీస్తే దాని కొసన ఒక పచ్చ చుక్క ఉంది.

చుక్క తర్వాత చుక్క. ఎంత పచ్చగా ఉందో, నా మొహం అంత తెల్లగా అయిపోయింది.

మెకానిక్ మేస్త్రీ దగ్గరికి పోవచ్చు కదా అంటారు మీరు. రాయచోటిలో ఉన్న మేస్త్రీలందరూ మామ మనుషులే. నేను బండి షెడ్డులో పెట్టి ఇంటికి నడిచి వచ్చేలోపల ఆయనకు కబురు చేరుతుంది. తాళంచెవి చేతికొచ్చిన మొదటి వారమే అల్లుడు బండికి పొడిచాడని ఊరంతా చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం ఖాదర్ బాషా లారీలో ఎరువుల లోడు దించడానికి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా లారీ తోలుతున్న మనిషి. మాటల్లో మాటగా అడిగినట్టు అడిగాను.

"బాషా, మా స్నేహితుని బండికి రేడియేటర్ కారుతాందంట. ఏం చేయల్ల?"

"యాడుండాడు మీ స్నేహితుడు?"

"నంద్యాల్లో."

అతను బీడీ ఆర్పి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "రేడియేటర్‌లో చిటికెడు పసుపు ఏసుకోమను, చిల్లి పూడుతాది. చిటికెడంటే చిటికెడే. అది గూడా మేస్త్రీ దగ్గరికి పొయ్యేదాకానే. నంద్యాల్లో మేస్త్రీలు శానా మంది ఉండారని చెప్పు."

చిటికెడు పసుపు వేశాను. కారడం తగ్గింది గానీ ఆగలేదు. ఇంకో చిటికెడు వేశాను. తర్వాత పిడికెడు వేశాను. బానెట్ ఎత్తితే పెళ్ళికూతురికి నలుగు పెట్టిన వాసన వచ్చింది. చుక్కలు మాత్రం ఆగలేదు, పచ్చవి పోయి పసుపువి అయ్యాయి.

ఆదివారం పొద్దున పంపు దగ్గర నా భార్య సుజాత రాగి సంగటి గిన్నె తోముతోంది. "రాత్రంతా నానబెట్టినా వదలదే ఇది. ఇనుప గరిటెతో గీకినా రాదు," అని విసుక్కుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. నన్ను తిట్టుకోకండి, ఆ క్షణాన నా తెలివి నాకే ముద్దొచ్చింది. రాగిపిండి ఉడికి ఒకసారి అంటుకుంటే ఇనుముకే లొంగదు. అట్లాంటిది సూదంత చిల్లి ఒక లెక్కా? లోపల వేడి ఉంది, నీళ్ళున్నాయి. పిండి ఒకటే తక్కువ.

వంటింట్లోకి పోయి డబ్బాలో చెయ్యి పెట్టాను.

"పిండి దేనికి?" అంది సుజాత.

"అంగడికి. పోస్టర్లు అతికించల్ల."

రెండు పిడికిళ్ళు. నీళ్ళలో కలిపి, ఉండలు లేకుండా చూసుకుని రేడియేటర్‌లో పోశాను. బండి గంటసేపు నిలబెట్టి నడిపి, కిందికి దూరి చూశాను. ఒక్క చుక్క లేదు. నేల ఎండి ఉంది. ఆనందం పట్టలేక బండి ముందు చక్రానికి దండం పెట్టాను.

సోమవారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. సుజాతకు బడిలో పరీక్షల డ్యూటీ, అందుకని రాలేదు. అత్త సద్దిమూట, పాతిక నిమ్మకాయలు, రెండు బిందెల నీళ్ళతో వెనక ఎక్కింది. మామ నా పక్కన నల్లద్దాలతో కూర్చున్నాడు.

రాయచోటి నుంచి కడపకు పోయేటప్పుడు ఘాట్ దిగుతాం. దిగుడులో ఇంజిన్‌కు పనే ఉండదు. ముల్లు మధ్యలో కదలకుండా కూర్చుంది. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని తింటూ దిగాం. నా అంత డ్రైవరు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

మామకు ఆ నల్లద్దాల్లో నుంచి ముల్లు సరిగా కనిపించేది కాదు. అందుకని పది మైళ్ళకొకసారి నన్నే అడిగేవాడు.

"ముల్లు యాడుండాది?"

"మధ్యలో మామా."

మైదుకూరు దాటేదాకా అది నిజం. దాటాక ముల్లు తల పైకెత్తింది. మొదట వెంట్రుకవాసి, తర్వాత వేలెడు. ఎండ రోడ్డు మీద నిప్పులు పోస్తోంది. నా గుండె మాత్రం చల్లబడింది.

"ముల్లు యాడుండాది?"

"మధ్యలోనే మామా."

ఒక అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటివాడు అనుమానిస్తే కొంచెం సుఖం. ఆయన అనుమానించలేదు. "బాగుండాది," అని నా భుజం తట్టాడు. ఆ తట్టుడు నాకు నాలుగు రోజులు నొప్పి పెట్టింది.

చాగలమర్రి దగ్గర రోడ్డు పక్కకు తీసి, కాళ్ళు కడుక్కోవడానికని బిందె తీసుకుని, ఒంటికి పోయొస్తానన్నాను. అల్లుడు ఆ పని మీద పోతే అత్తామామలు మర్యాదగా మొహం అటు తిప్పుకుంటారు. ఆ మర్యాదే నా అదృష్టం. వంగి లీవరు లాగి బానెట్ ఎత్తి, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో బిందె నీళ్ళు పోసి, వేళ్ళు కాల్చుకుని, మూసేసి వచ్చాను.

"టక్కుమన్నాదే, ఏందది?" అన్నాడు మామ.

"నా మోకాలు మామా."

ఆళ్ళగడ్డ చేరేలోపల అట్లా నాలుగుసార్లు ఆగాను. నాలుగోసారి వచ్చి కూర్చునేటప్పటికి వెనక నుంచి మామ చెవిలో గుసగుసలు వినిపించాయి. "పిల్లోనికి షుగరు ఉన్నట్టుండాది. ఇంత చిన్న వయసులో. ఆ మోకాళ్ళు గూడా చూడు," అంటోంది అత్త. ఆమె గొంతులో నిజమైన బాధ ఉంది. అది విని నాకు సిగ్గేసింది, కానీ ఏ మొహం పెట్టుకుని చెప్పను.

లారీవాళ్ళు చెప్పుకునే ఇంకో ఉపాయం గుర్తొచ్చింది. ఇంజిన్ బాగా వేడెక్కితే బండిలోపలి హీటర్ తిప్పితే ఆ వేడి కొంత లోపలికి వస్తుందని. పదేళ్ళుగా ఎవరూ ముట్టని బటన్ తిప్పాను. మొదట దుమ్ము వచ్చింది, వెంట వేడిగాలి కొట్టింది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం పన్నెండు, వెనక అద్దాలు దిగవు.

"ఏసీలో గ్యాసు అయిపోయినట్టుంది మామా."

మామ చొక్కా విప్పేశాడు. అత్త కొంగుతో విసురుకుంటూ, "ఏం చేస్తాం నాయనా, పుణ్యానికి పోతాండాం, ఓర్చుకోవల్ల," అంది. ఆవిరి మీద పెట్టిన కుడుము మాదిరి కూర్చుంది పాపం.

అట్లా అహోబిలం చేరాం. ఎగువ అహోబిలానికి కొండదారి. బండిలో పోదామన్నాడు మామ.

"బస్సులో పోదాం మామా. నాకు మొక్కుంది."

"బస్సులో పోతానని ఎవురన్నా మొక్కుకుంటారా?"

"నడిచి పోవల్లనని మొక్కు. మోకాళ్ళ వల్ల బస్సులో పోతాండా."

దేవుడి ముందు నిలబడి నేను పెట్టిన దండం మీరు చూడాలి. ఆయన స్తంభం చీల్చుకుని వచ్చినవాడు, ఒకడి కడుపు చీల్చినవాడు. రేడియేటర్‌లో ఏముందో ఆయనకు తెలియదనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. రేపు ఇల్లు చేర్చు తండ్రీ, ఆ తర్వాత నా చావు నేను చస్తాను అని వేడుకున్నాను.

ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం. బండి బయట చల్లారింది. ఉడికిన సంగటి చల్లారితే ఏమవుతుందో మన సీమలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకు మాత్రం గుర్తు రాలేదు.

మర్నాడు తిరుగుదారిలో కడపలో ఆగాం. ఎండ తగ్గేదాకా ఉందామని నేను బతిమాలాను. అత్త అందుకు వేరే అర్థం తీసి, బలవంతంగా ఒక ల్యాబుకు తీసుకుపోయి నాకు షుగరు పరీక్ష చేయించింది. గంట తర్వాత కాగితం వచ్చింది. షుగరు లేదు. అత్త అహోబిలం ఓబులేసునికి దండం పెట్టుకుంది. మామ మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు కంటికి దగ్గరగా పెట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడత చూస్తే నాకు పరీక్ష కన్నా ఎక్కువ భయమేసింది.

మూడు దాటాక ఘాట్ మొదలైంది. ఇప్పుడు ఎక్కుడు. హీటర్ వేడికి మామ మళ్ళీ చొక్కా విప్పేశాడు. రెండో గేరులో బండి మూలుగుతోంది. ముల్లు ఎర్రగీతకు వేలంత దూరంలో ఉంది, చూస్తుండగానే గోరంత దూరానికి వచ్చింది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. వెనక ఏదో లారీ హారన్ కొడుతోంది. నా చొక్కా వీపుకు అంటుకుంది. స్టీరింగ్ మీద నుంచి చేతులు జారుతున్నాయి. ఆగితే తెలిసిపోతుంది, ఆగకపోతే ఏమవుతుందో తెలియదు. నేను ఆగలేదు. నా జీవితంలో అంతకన్నా పిరికి పని ఇంకోటి చేయలేదు.

అప్పుడు అత్త ముక్కు ఎగబీల్చింది.

"యాడో సంగటి కెలుకుతాండారు."

"ఘాట్‌లో ఎవురు కెలుకుతారే?" అన్నాడు మామ.

"వాసన వస్తాండాది. అడుగు గూడా అంటింది."

మామ గాలి పీల్చాడు. "ముల్లు యాడుండాది?"

"మధ్యలో..." అన్నాను.

ఆయన నల్లద్దాలు తీసేశాడు. వంగి చూశాడు. ముల్లు ఎర్రగీత దాటి ఇంక పోవడానికి చోటు లేక వణుకుతోంది. సరిగ్గా ఆ మలుపులో ఇంజిన్ ఒకసారి దగ్గి ఆగిపోయింది.

ఇంజిన్ ఆగితే అంత పెద్ద బండికి బ్రేకు రాయి మాదిరి బిగుసుకుపోతుందని నాకు అప్పుడే తెలిసింది. రెండు కాళ్ళతో తొక్కాను. బండి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. అడుగు, రెండడుగులు, మూడు. వెనక లారీ. వెనక సీట్లో అత్త, కళ్ళు మూసుకుని "ఓబులేశా, ఓబులేశా" అంటోంది. నా చెయ్యి హ్యాండ్ బ్రేకును వెతుక్కుంటూ మామ తొడను పట్టుకుని లాగుతోంది.

మామ నా చెయ్యి తీసేసి, హ్యాండ్ బ్రేకు తనే లాగాడు. చొక్కా లేకుండా, ఆపరేషన్ కన్నుతో, అరవై ఎనిమిదేళ్ళ మనిషి కిందికి దూకి, రోడ్డు పక్క రాయి రెండు చేతులా ఎత్తి చక్రం వెనక పెట్టాడు. బండి ఒకసారి రాయిని తట్టి నిలిచింది. నేను సీట్లోనే ఉన్నాను. బ్రేకు ఇంకా రెండు కాళ్ళతో తొక్కుతూనే ఉన్నాను.

వెనక లారీ నుంచి దిగి వచ్చినవాడు ఖాదర్ బాషా. లోకంలో ఇన్ని లారీలుండగా అదే లారీ.

"పెద్దాయనా, మీరా? ఏమైంది?"

"ఏమైందో మా అల్లుణ్ణి అడుగు," అన్నాడు మామ.

అత్తను దించి పిట్టగోడ మీద కూర్చోబెట్టాం. అరగంట ఇంజిన్ చల్లారనిచ్చాం. తర్వాత బాషా తువ్వాలు తడిపి, దూరంగా నిలబడి రేడియేటర్ మూత తిప్పాడు.

ముందు ఆవిరి పోయింది. ఆ తర్వాత లోపలి నుంచి ఏదో మెల్లగా, తొందర లేకుండా, గుండ్రంగా పైకి లేచింది. గోధుమరంగుది. నిగనిగలాడుతోంది. మూతి దాకా వచ్చి, ఒక బుడగ పగిలి, అక్కడే ఆగింది.

ముగ్గురమూ దాన్ని చూశాం. అత్త గోడ దిగి వచ్చి నాలుగోదానిగా చూసింది. ఒక పుల్ల తీసుకుని దాన్ని గుచ్చింది. వేళ్ళ మధ్య నలిపింది.

"పిండి మనింటిదే," అంది. "మెత్తగా ఆడిచ్చి సుజాతకు పంపింటి. నీళ్ళు చాలక గడ్డకట్టింది." తర్వాత నుదురు ముడిచింది. "సంగట్లో పసుపు ఎవురేసినారు?"

బాషా నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నంద్యాల స్నేహితుడు బాగుండాడా?"

ఇక దాచడానికి ఏమీ లేదు. సైకిల్ పుల్ల నుంచి సంగటి గిన్నె దాకా మొత్తం చెప్పేశాను. మోకాలి సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరి వల్ల అనుకోనిచ్చాను గానీ ఆవిరి ఎప్పుడో పోయింది.

మామ రేడియేటర్‌నే చూస్తూ విన్నాడు.

"బండి దాస్తాదని నీకు చెప్తి," అన్నాడు చివరికి. "బండేమీ దాచలా. కారింది, వేడెక్కింది, వాసన గూడా కొట్టింది. దాచింది నువ్వు."

"భయమేసింది మామా."

"ఎవురికి భయపడితివి?"

"మీకే."

"నాకు భయపడి, నన్ను, మీ అత్తను ఈ లోయ అంచుకు తెచ్చినావు. పుల్ల దిగింది మామా అని ఒక్క మాట చెప్పింటే రెండు రోజుల్లో అతికిస్తాంటి గదబ్బీ."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తలొంచుకుని నిలబడ్డాను. ఆయన బండి బానెట్ మీద చెయ్యి వేసి, వేడికి తీసేసి, మళ్ళీ వేశాడు. "అమ్మేస్తా," అన్నాడు. అది బండితో చెప్పినట్టుంది.

నేను అత్త మొహం చూడలేకపోయాను. కాశీ అక్కడే, ఆ మలుపులోనే అయిపోయిందని అందరికీ తెలుసు. ఆమె పుల్ల పారేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"అమ్మేదేంది? మనింటి సంగటి తిన్నోళ్ళను బయటికి తోల్తామా? బండైనా అంతే, అల్లుడైనా అంతే."

మామ ఆమెను చూశాడు. రేడియేటర్‌ను చూశాడు. ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. చివరికి పిట్టగోడ పట్టుకుని నవ్వాడు. బాషా అంతకుముందు నుంచే లారీ చాటున నవ్వుతున్నాడు. నేను కూడా నవ్వబోయాను. మామ నా వైపు చూసేసరికి మానుకున్నాను.

బాషా లారీకి మోకు కట్టి బండిని రాయచోటి దాకా లాక్కొచ్చాడు. మెయిన్ బజారు మధ్య నుంచి, అంగళ్ళవాళ్ళు అందరూ లేచి నిలబడి చూస్తుండగా. మేస్త్రీ మూడు రోజులు గీకి, చేతకాక, మద్రాసు నుంచి వేరే రేడియేటర్ తెప్పించాడు. ఇనుప గరిటెతో గీకినా రాదని సుజాత ఊరికే అనలేదు.

వానలు పోయాక కాశీకి బయల్దేరాం. స్టీరింగ్ ఖాదర్ బాషా చేతిలో, మామ అతని పక్కన, నేను వెనక అత్త పక్కన నీళ్ళ బిందెలతో. దారి పొడుగునా అదే ప్రశ్న.

"ముల్లు యాడుండాది?"

"కొంచెం ఎక్కింది పెద్దాయనా. ఆపుదాం."

ఆపేవాళ్ళం. టీ తాగేవాళ్ళం. ముల్లు దిగేది. ఇంత సులువైన పని ఇంకోటి లేదని నాకు నాగపూర్ దాటాక అర్థమైంది.

కాశీలో మా పురోహితుడు తెలుగాయన. మోకాలి లోతు గంగలో మమ్మల్ని నిలబెట్టి, ఎవరెవరు ఏం వదులుతారో చెప్పమన్నాడు. అత్త పదేళ్ళు ఆలోచించి, ఆఖరికి సొరకాయ వదిలింది. ఆమె సొరకాయ తినగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మామ చాలాసేపు నీళ్ళను చూసి, "స్టీరింగ్," అన్నాడు. ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు.

నా వంతు వచ్చింది. "సంగటి," అన్నాను, గంభీరంగా.

"సంగటి ఏం చేసింది నిన్ను?" అన్నాడు మామ. "అది కడుపులోకి పోతే మంచిదే. నువ్వు బానెట్ వదులు."

దోసిట్లో గంగ పట్టుకుని నేను సంకల్పం చెప్పుకున్నాను. ఈ జన్మలో ఏ బండి బానెట్టూ ఎత్తను. ఏ రేడియేటర్ మూతా తిప్పను. సైకిల్ పుల్లను సైకిల్‌లో తప్ప ఇంకెక్కడా పెట్టను. ముల్లు ఎక్కడుందని ఎవరడిగినా ఉన్నచోటే చెబుతాను. సూర్యుడు సాక్షి, గంగ సాక్షి, ఒడ్డున నవ్వు ఆపుకుంటున్న ఖాదర్ బాషా సాక్షి.

పురోహితుడు మంత్రం ఆపి, సందేహంగా మామ వైపు తిరిగాడు. "బానెట్ అంటే పండా అండీ, కూరగాయా?"

"రెండూ కాదు స్వామీ," అన్నాడు మామ. "మా అల్లుని వంటిల్లు."